అవ్వ చెంబులో కాసులు: తోమే ముందు ఒక్క మాట

ప్రశ్న: మాది నాగలాపురం దగ్గర ఒక పల్లె. మా అత్తగారి అమ్మ, మేమంతా అవ్వ అనేవాళ్ళం, ఈ మధ్యనే కాలం చేసింది. ఆమె ట్రంకుపెట్టెలో మూతికి గుడ్డ కట్టిన ఇత్తడి చెంబు ఒకటి దొరికింది. అందులో ఇరవైకి పైగా పాత నాణేలున్నాయి. ఎక్కువ రాగివే, చిలుము పట్టి పచ్చగా ఉన్నాయి. కొన్నింటి మీద పుల్లలతో చేసినట్టున్న మనిషి బొమ్మ, రెండింటి మీద ఏనుగు, పెద్దదాని మీద ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. ఒకదాని మీద రాముడి పట్టాభిషేకం, వెనక 1818 అని ఉంది. కందిగింజంత బంగారు బిళ్ళ కూడా ఒకటుంది. పోయిన ఎండాకాలం కయ్యలో జేసీబీతో గుంత తీయిస్తుంటే దొరికిన మూడు కాసులను మా మరిది ఇందులోనే వేశాడు. అత్తగారు చింతపండుతో తోమమంటున్నారు. తెలిసినాయన ఒకరు రాముడి నాణెం ‘రైస్ పుల్లింగ్’ది, కోట్లు పలుకుతుంది, టెస్టింగ్‌కు రెండు లక్షలు కట్టమంటున్నాడు. ఆడబిడ్డ తన వాటా అడుగుతోంది. నాకేమో ఇవేంటో తెలుసుకోవాలని ఉంది. టెన్షన్‌గా కూడా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, తిరుపతి జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ రెండు లక్షల సంగతి. కట్టకండి. రెండు లక్షలే కాదు, రెండు వేలు కూడా ఇవ్వకండి.

బియ్యాన్ని లాగే నాణెం ఈ భూమ్మీద లేదు. రాగి, వెండి, బంగారం ఈ మూడింటిలో ఏదీ అయస్కాంతానికి అంటుకోదు, దేన్నీ తనవైపు లాక్కోదు. మీ కళ్ళముందు గింజలు కదిలాయంటే ఆ బియ్యానికి ఇనుప పొడి పట్టించారని, నాణెం కిందో చేతిలోనో అయస్కాంతం ఉందని అర్థం. మీ వంటింటి డబ్బాలోంచి గుప్పెడు బియ్యం తెచ్చి వీటితో చేసి చూపించమనండి, ఏదో ఒక సాకు చెప్పి జారుకుంటాడు. పిడుగు పడిన రాగి అంటారు, ఇరిడియం అంటారు, విదేశీ సంస్థలు కోట్లు పెట్టి కొంటాయంటారు. చివరికి అన్నీ టెస్టింగ్ ఫీజు దగ్గరికే వచ్చి ఆగుతాయి. మన జిల్లాల్లో పొలాలు తాకట్టుపెట్టి మరీ ఈ ఊబిలో దిగినవాళ్ళున్నారు. ఆయన పంపిన మెసేజ్‌లు చెరిపేయకుండా ఉంచి, దగ్గరి పోలీస్ స్టేషన్‌లో చెప్పండి. ఇప్పటికే ఫోన్‌లో ఏమైనా పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఆ రాముడి నాణెం అసలు నాణెమే కాదు. ఈస్టిండియా కంపెనీ సీతారాముల పట్టాభిషేకంతో అణాలు, అర్ధణాలు ఏనాడూ ముద్రించలేదు. అవి తర్వాతి కాలంలో భక్తుల కోసం, ఆ తర్వాత అమాయకుల కోసం చేసిన బిళ్ళలు. పుణ్యక్షేత్రాల్లో రామటంకాలు కొనుక్కుని పూజలో పెట్టుకోవడం పాత ఆచారమే. అవ్వ కూడా అలాగే ఎక్కడో కొనుక్కుని ఉంటుంది. దేవుడి గూట్లో పెట్టుకోండి, అక్కడ దాని గౌరవం దానికుంది. చరిత్రగా మాత్రం దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

ఇక మీ మరిది వేసిన మూడు కాసులు. వాటిని ఈ రోజే వేరే కవర్‌లోకి మార్చండి. అవ్వ పెట్టెలోవి ఇంటి సొత్తు. భూమిలోంచి బయటపడినవాటికి చట్టం వేరు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దాగి ఉండి దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే, ఏం దొరికింది, ఎక్కడ, ఏ తేదీన అన్నది కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. ఆ పది రూపాయలు ఆనాటి లెక్క, చట్టంలో ఇంకా అలాగే ఉంది. తెలపకుండా దాచుకుంటే దొరికినవారికి రావాల్సిన వాటా పోతుంది, ఏడాది దాకా జైలు కూడా పడవచ్చు. తెలిపితే మాత్రం నష్టపోయేదేమీ లేదు. ప్రభుత్వం తీసుకోదలిస్తే లోహం విలువకు ఐదో వంతు కలిపి చెల్లించాలని అందులోనే ఉంది. మూడు చిన్న కాసులకు ఇంత హడావుడి ఎందుకని ఇంట్లో అంటారు. కానీ మూడు దొరికిన చోట ముప్పై ఉండవచ్చు, ఒక పాత ఊరి దిబ్బే ఉండవచ్చు. ఏ కయ్యలో, ఎంత లోతులో, పక్కన కుండపెంకులో ఇటుకలో ఉన్నాయా అన్నది మీ మరిది మరచిపోకముందే అడిగి రాసుకోండి. అర్జీ ఒక్క పేజీ చాలు, నకలు మీ దగ్గర ఉంచుకోండి.

నాణేల విషయంలో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పే మాట కూడా ఇదే. నాణెం ఎక్కడ దొరికింది, దేనితో కలిసి దొరికింది అన్న సమాచారం పోయిందంటే దాని సగం ప్రాణం పోయినట్టే. బజారులో ఒంటరిగా దొరికే చోళ కాసు ఒక రాగి ముక్క. నాగలాపురం పక్కన ఫలానా మడిలో, ఫలానా కాసులతో కలిసి దొరికిన చోళ కాసు ఆ ఊళ్ళో ఎప్పుడు ఏ డబ్బు నడిచిందో చెప్పే సాక్షి. ధర గురించి తర్వాత ఆలోచించవచ్చు. ఈ సమాచారాన్ని మళ్ళీ సంపాదించలేం.

అత్తగారికి కోపం రాకుండా చెప్పాల్సిన మాట ఇంకొకటి: చింతపండు వద్దు. నిమ్మకాయ, పీతాంబరి, బూడిద ఏవీ వద్దు. దీపపు కుందులు తోమినట్టు తోమితే పులుపులోని ఆమ్లం చిలుముతో పాటు పై పొరను కూడా తినేస్తుంది. వందల ఏళ్ళుగా గట్టిపడిన ఆ ముదురు పచ్చ పొరలోనే అక్షరాల అంచులు నిలిచి ఉంటాయి. పొర పోతే మెరుస్తుంది, చదవడానికి మాత్రం ఏమీ మిగలదు. నాణేలు తెలిసినవాళ్ళు తోమిన కాసును చూడగానే పక్కన పెట్టేస్తారు.

మట్టి అంటుకుని ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో రెండు మూడు రోజులు నానబెట్టి, నీళ్ళు మారుస్తూ, మెత్తని బ్రష్‌తో మెల్లగా రాసి, నీడలో పూర్తిగా ఆరనివ్వండి. అంతకుమించి ఏమీ చేయొద్దు. ఒక్కటి మాత్రం గమనించండి. చిలుము గట్టిగా, నున్నగా ఉంటే భయం లేదు. లేత పచ్చ రంగులో పొడిపొడిగా, గోటితో తాకితే రాలేలా ఉంటే అది నాణేన్ని లోపలినుంచి తినే రోగం. అలాంటివాటిని మిగతావాటికి దూరంగా పెట్టి, తడి తగలకుండా సిలికా జెల్ పొట్లం వేసి ఉంచండి. అంగట్లో దొరికే మెత్తని పీవీసీ కవర్లు కూడా వాడకండి, కొన్నేళ్ళకు వాటినుంచి జిగురు దిగి రాగిని పాడుచేస్తుంది. ఒక్కో నాణేన్ని చిన్న కాగితపు కవర్‌లో పెట్టి, కవర్ మీద నంబర్ వేసుకోండి. ఆ ఇత్తడి చెంబును, మూతికి కట్టిన గుడ్డను కూడా పారేయకండి.

ఇప్పుడు అసలు సరదా మొదలు. మీకు కావాల్సినవి గ్రాములో వందో వంతు దాకా చూపించే చిన్న డిజిటల్ కాటా, పదింతలు పెద్దది చేసి చూపే భూతద్దం, ఒక స్కేలు, ఒక నోటుబుక్కు. ప్రతి నాణేనికి బరువు, అడ్డం కొలత, లోహం, రెండువైపులా ఉన్న బొమ్మ రాయండి. ఫోటో తీసేటప్పుడు ఫ్లాష్ వద్దు. పొద్దున కిటికీ పక్కన ఒకవైపు నుంచి ఏటవాలుగా వెలుగు పడేలా పెడితే అరిగిపోయిన గీతలు కూడా నీడలతో లేచి కనిపిస్తాయి. పక్కన స్కేలు పెట్టి తీయండి.

పుల్లల మనిషి నాణేలతో మొదలుపెట్టండి. మీరు రాసిన తీరు చూస్తే అవి చాలావరకు రాజరాజ చోళుడి కాసులు కావచ్చు. ఆయన 985 నుంచి 1014 దాకా ఏలాడు. మన చిత్తూరు, కాళహస్తి సీమ అప్పట్లో తొండై మండలంలో భాగం, చోళుల ఏలుబడిలో ఉండేది. ఆ కాసు సుమారు నాలుగు గ్రాములు తూగుతుంది. ఒకవైపు రాజు నిలబడి చేతిలో పువ్వు పట్టుకుని ఉంటాడు. రెండోవైపు కూర్చుని ఉంటాడు, పైకెత్తిన చేతిలో శంఖం ఉంటుంది. ఒళ్ళంతా గీతలు, తల ఒక చుక్క. చూసిన ప్రతివాళ్ళూ పిల్లలు గీసిన బొమ్మ అనుకుంటారు. కూర్చున్న రాజు చేతి పక్కన వెతకండి. నాగరి లిపిలో ‘శ్రీ’, దాని కింద ‘రాజ’, మళ్ళీ కింద ‘రాజ’ అని ఒకదాని కింద ఒకటి ఉంటాయి. మీకు హిందీ చదవడం వస్తే చాలు, వెయ్యేళ్ళ నాటి పేరును మీరే చదవగలరు. కూడబలుక్కుని ఆ పేరు చదివిన రోజు మీకు నిద్ర పట్టదు, నిజం.

చదివే ముందే తీర్పు చెప్పకండి. ఈ బొమ్మనే సింహళ రాజులు తర్వాత రెండువందల ఏళ్ళు అనుకరించారు. బొమ్మ అదే, పేరు మాత్రం పరాక్రమబాహు అనో, సాహసమల్ల అనో ఉంటుంది. రాణి లీలావతి పేరుతో వేసినవి కూడా ఉన్నాయి. కాబట్టి ఇక్కడ బొమ్మను బట్టి కాదు, అక్షరాన్ని బట్టి గుర్తించాలి.

ఇంకో కిటుకు ఉంది. ఆ కాలంలో నాణేన్ని చేత్తో కొట్టేవారు. రెండు అచ్చుల మధ్య లోహపు బిళ్ళ పెట్టి సమ్మెటతో ఒక్క దెబ్బ వేసేవారు. బిళ్ళ కాస్త పక్కకు జరిగితే బొమ్మ సగమే పడుతుంది. ఏ ఒక్క కాసు మీదా పేరు పూర్తిగా ఉండకపోవచ్చు. మీ దగ్గర ఒకే రకానివి చాలా ఉన్నాయి కదా, ఫోటోలు వరసగా పెట్టి ఒకదానిలో తల, ఇంకోదానిలో పాదం, మరోదానిలో అక్షరం ఏరి కాగితం మీద ఒక పూర్తి బొమ్మ గీయండి. ఆ బొమ్మ చేతిలో ఉంటే మిగతావన్నీ ఇట్టే పట్టుబడతాయి. ఈ కాసులు దక్షిణాదిలో చాలా దొరుకుతాయి, ధర పెద్దగా పలకదు. నాకైతే నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి నాణెం కనబడదు.

ఏనుగు నాణేలు రెండని రాశారు. వాటి సైజు రాయలేదు. చిన్నగా, మందంగా, వెనక నాగరి అక్షరాలతో ఉంటే విజయనగరానివి కావచ్చు. రెండవ దేవరాయలి కాలపు రాగి కాసుల మీద ఏనుగు బాగా కనబడుతుంది, వెనకవైపు ‘రాయ గజగండభేరుండ’ అనే బిరుదు ఉంటుంది. వెడల్పుగా, పదకొండు గ్రాముల దాకా తూగి, వెనక పారసీ లిపి ఉంటే టిప్పు సుల్తాన్ పైసా అనుకోవచ్చు. ఈ సీమకు మైసూరువాళ్ళు కొత్తవాళ్ళేం కాదు. హైదర్ అలీ 1782 డిసెంబర్‌లో కన్నుమూసింది చిత్తూరు దగ్గరే, నరసింగరాయనిపేటలో. టిప్పు నాణేల మీద తేదీతో జాగ్రత్త. ఆయన తెచ్చిన మౌలూదీ శకంలో అంకెలను కుడినుంచి ఎడమకు రాయించాడు. 1215 అన్నది చూపుకు 5121గా కనబడుతుంది. తెలియక తప్పు తేదీ రాసుకునేవాళ్ళు చాలామంది.

ఇంగ్లీషు అక్షరాల పెద్ద నాణెం మద్రాసు కంపెనీవారి ఇరవై కాసు అయ్యుంటుంది. ఒకవైపు సింహాలు పట్టుకున్న కంపెనీ ముద్ర, రెండోవైపు పారసీలో ‘ఇరవై కాసు నాలుగు ఫలూస్’ అనే అర్థంతో అక్షరాలు, కింద ఎక్స్ ఎక్స్ క్యాష్ అని ఉంటాయి. సంవత్సరం 1803 లేదా 1808. వీటిని ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఆవిరి యంత్రాల మీద ముద్రించి ఓడల్లో పంపేవారు. 1809 జనవరిలో అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ ఇలాంటి కాసులతోనే ఇంగ్లండు తీరంలో మునిగిపోయింది. 1980లలో వాటిని పైకి తీశారు. అందుకే ఈ కాసులు ఇప్పుడు ప్రపంచమంతటా దొరుకుతాయి. మద్రాసు నాణేల్లో నాకు బాగా ఇష్టమైనది పావు వరహా వెండి నాణెం. ఒకవైపు గుడి గోపురం, చుట్టూ నక్షత్రాలు, రెండోవైపు తామరపువ్వు మీద విష్ణువు, ఆయన చుట్టూ తమిళం, తెలుగు అక్షరాలు. అది ఎప్పుడైనా మీ కంటబడితే వదలకండి, మన లిపిని కంపెనీ నాణెం మీద చూడడం గొప్ప సంతోషం.

బంగారు బిళ్ళ గురించి. అదే మీ ఇంట్లో అందరి కళ్ళూ పడే నాణెం, కాబట్టి దీన్ని ముందుగా తూచండి. అర గ్రాములోపు ఉంటే అది పణం అనే చిన్న బంగారు నాణెం, వరహా కాదు. వరహా సుమారు 3.4 గ్రాములు, అర వరహా 1.7 గ్రాములు. పణం మీద నరసింహస్వామి కూర్చున్నట్టుంటే మైసూరు కంఠీరవ నరసరాజు (1638–1659) పేరున వచ్చిన కంఠీరవ పణం. అర్థంకాని గీతలు, చుక్కలు మాత్రమే ఉంటే కేరళవైపు నడిచిన వీరరాయ పణం కావచ్చు. ఇవి మన తిరుపతిదాకా చేతులు మారుతూ వచ్చినవే. తిరుమల శాసనాల్లో విజయనగర కాలపు దానాలు చాలావరకు పణాల లెక్కలో ఉంటాయి.

మీ ఊరు నాగలాపురం కాబట్టి ఒక మాట చెప్పకుండా ఉండలేను. తల్లి నాగలాంబ పేరున ఆ ఊరిని వెలయించిన కృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరి గెలిచి వచ్చి శ్రీవారికి ముప్పై వేల వరహాలతో కనకాభిషేకం చేశాడు. ఆయన వరహా మీద బాలకృష్ణుడు కూర్చుని ఉంటాడు, వెనక నాగరిలో ‘శ్రీ ప్రతాప కృష్ణరాయ’ అని ఉంటుంది. ఆయన తమ్ముడు అచ్యుతరాయల వరహా మీద ఏనుగులను పట్టుకున్న గండభేరుండం అనే రెండు తలల పక్షి. చంద్రగిరి నుంచి ఏలిన రెండవ వేంకటపతి దేవరాయల కాలానికి వచ్చేసరికి నాణెం మీదికి వేంకటేశ్వరుడే వచ్చాడు. తోరణం కింద నిలువెత్తు స్వామి, వెనక ‘శ్రీ వేంకటేశ్వరాయ నమః’. తర్వాత మద్రాసులో ఇంగ్లీషు కంపెనీవాళ్ళు వేసిన మూడు స్వాముల వరహా మీద కూడా శ్రీదేవి భూదేవులతో ఆ స్వామే. తిరుమల కొండ కిందివాళ్ళు నాణేలు నేర్చుకోవాలంటే ఈ వరస పట్టుకుంటే చాలు, మూడు వందల ఏళ్ళ చరిత్ర చేతికి అందుతుంది.

మరిది పొలంలో దొరికిన మూడింటినీ కూడా తూచి చూడండి. బూడిద రంగులో, సైజుకు మించిన బరువుతో, గోరు గీస్తే గీత పడేంత మెత్తగా ఉంటే అది సీసం. నాలుగు వలయాలను అడ్డం నిలువు గీతలతో కలిపిన గుర్తు గాని, తొండమెత్తిన ఏనుగు గాని ఉంటే శాతవాహనుల నాటిది కావచ్చు, అంటే పద్దెనిమిది వందల ఏళ్ళ పైమాట. అలాంటిది కనబడితే ఇంకెవరి చేతికీ ఇవ్వకుండా అర్జీతోపాటే చూపించండి.

ఇక ఎవరిని అడగాలి అంటారా? తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ప్రాచీన భారత చరిత్ర, పురావస్తు శాఖ ఉంది. ఫోటోలు, బరువులు రాసిన నోటుబుక్కు పట్టుకుని వెళ్ళండి, నాణేలు ఇంట్లోనే ఉంచండి. చంద్రగిరి కోటలో రాజమహల్ మ్యూజియం చూడండి. చెన్నై వెళ్ళినప్పుడు ఎగ్మోర్ ప్రభుత్వ మ్యూజియానికి వెళ్ళండి, దక్షిణ భారత నాణేలకు అది పెద్ద ఖజానా. ఇంటి దగ్గర కూర్చుని పోల్చుకోవడానికి న్యూమిస్టా వంటి వెబ్‌సైట్లలో బరువు, బొమ్మ, అక్షరంతో వెతకవచ్చు. పోలిక ఒక్క బొమ్మతో సరిపెట్టకండి, బరువు కూడా కుదరాలి.

కొనాలన్న కోరిక తప్పకుండా పుడుతుంది. మొదటి ఏడాది కొనకండి. గుడి వీధుల్లో, రైల్వే స్టేషన్ల బయట పాతవంటూ అమ్మేవాటిలో పోత పోసిన నకిలీలే ఎక్కువ. భూతద్దంలో అంచు చూస్తే చుట్టూ సన్నని అతుకు గీత కనబడుతుంది, పై భాగంలో సూదిమొనంత గాలి గుంటలు ఉంటాయి, అక్షరాల అంచులు సబ్బు అరిగినట్టు మెత్తబడి ఉంటాయి. ఒకే వంకర, ఒకే గీత ఉన్న నాణేలు రెండు కనబడితే రెండింటినీ వదిలేయండి. వందేళ్ళు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. దాన్ని అమ్మే వ్యాపారికి లైసెన్స్ ఉండాలి, దేశం దాటించి అమ్మడం నేరం. విదేశాల్లోని బంధువు ఎవరైనా ఒకటి పంపించమంటే మొహమాటానికి కూడా ఒప్పుకోకండి.

చివరగా ఆడబిడ్డ వాటా. ఆమె అడగడం న్యాయమే, ఆమె కూడా ఆ అవ్వ మనవరాలే. కానీ పంచుకునే ముందు చెంబులోవన్నీ కలిపి ఒక ఫోటో, విడివిడిగా ఫోటోలు, బరువుల జాబితా తయారుచేసి ఇద్దరి దగ్గరా ఒక్కో నకలు ఉంచుకోండి. పొలంలో దొరికిన మూడూ పంపకంలోకి రావు. బంగారు పణాన్ని కరిగించి ముక్కుపుడక చేయించుకుందామని ఎవరైనా అంటే, కరిగిస్తే వచ్చేది అర గ్రాము లోపు కల్తీ బంగారం మాత్రమేనని చెప్పండి. రాజరాజ కాసులు ఎక్కువ ఉన్నాయి కాబట్టి ఆమెకు కొన్ని ఇవ్వడం తేలిక. ఒంటరిగా ఉన్నవి మాత్రం ఒక్క ఇంట్లోనే కలిసి ఉండేలా మాట్లాడుకోండి. ఎవరి ఇంట్లో ఉన్నా జాబితాలో నంబర్ మారకూడదు. అక్షరాలు కనబడేలా తీసిన ఫోటోలు పంపితే, మొదట ఆ ఏనుగులు రెండూ ఎవరివో చూద్దాం.